మడత దగ్గర విరిగింది

సైకిలు రెండు ముక్కలై తోటి నర్సు పడిపోయిందని పెద్ద నర్సు ఫోనులో చెప్పగానే మేనేజరు అడిగిన మొదటి ప్రశ్న, "ఆవిడ బరువెంత?" అని.

దెబ్బలు ఎక్కడ తగిలాయి, స్పృహలో ఉందా, ఏ ఆసుపత్రిలో చేర్చారు అని అడగలేదు. పెద్ద నర్సుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. సైకిలు బరువు అడుగుతున్నాడేమో అనుకొని, "తొమ్మిది కిలోలు" అంది.

"సైకిలుది కాదండీ. మనిషిది" అన్నాడతను, చిన్నపిల్లకి అక్షరాలు దిద్దించేంత ఓపికతో.

అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె ఏమీ అనకుండా ఫోను పెట్టేసింది. ఎదురుగా మంచం మీద పుండుకి కట్టు విప్పించుకుని కూర్చున్న పెద్దాయన, "ఏమైందమ్మా, మొహం అలా అయిపోయింది?" అన్నాడు. "ఏం లేదు తాతా, కాలు కదపకండి" అని ఆ కట్టు పూర్తిచేసింది. ఆ రోజు వేసినంత గట్టి ముడి ఆమె తన ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ వేసి ఉండదు. మళ్ళీ విప్పి వదులు చేయాల్సి వచ్చింది.

మంచం దిగలేని రోగుల ఇళ్ళకి వెళ్ళి కట్లు కట్టడం, సూదులు వేయడం, మూత్రపు గొట్టాలు మార్చడం వాళ్ళ సంస్థ పని. మొత్తం పన్నెండుమంది నర్సులు. అందరిలోకీ వయసులో పెద్దది కాబట్టి ఆమెని పెద్ద నర్సు అనేవాళ్ళు. సైకిలు మీంచి పడ్డ మనిషిని గలగల అనేవాళ్ళు. గడప తొక్కింది మొదలు వెళ్ళేదాకా దాని నోరు ఆగదు. సూది పొడిచింది కూడా తెలియనంతగా మాటల్లో పెట్టేస్తుందని రోగులు దానికోసమే అడిగేవాళ్ళు.

ఒకప్పుడు నర్సుల్ని ఇళ్ళకి చేర్చడానికి సంస్థకి వ్యాను ఉండేది. ఏడాది కిందట దాన్ని తీసేశారు. రైల్లో వెళ్ళండి, స్టేషన్లో దిగి అక్కణ్నుంచి సైకిలు మీద వెళ్ళండి అన్నారు. రైల్లోకి మామూలు సైకిలు ఎక్కనివ్వరు, మడిచింది అయితేనే ఎక్కనిస్తారు. కాబట్టి మడత సైకిళ్ళు కొనాలి. ఏది కొనాలో తేల్చడానికి మేనేజరు పెద్ద నర్సుని పిలిచి, "వాడేది మీరే కదండీ, మీరే చెప్పండి" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఆమెని ఎవరైనా అడగడం అదే మొదలు. పొంగిపోయింది.

పరీక్షకి మూడు సైకిళ్ళు వచ్చాయి. మొదటిది అల్యూమినియంది, చిన్న చక్రాలు, మెరిసే నారింజ రంగు, తొమ్మిది కిలోలు. రెండోది ఇనపది, కాస్త పెద్ద చక్రాలు, బూడిద రంగు, పదమూడున్నర కిలోలు. మడిచాక దాని కింద రెండు బుల్లి చక్రాలు నేలకి ఆని, పెట్టెలా తోసుకుంటూ పోవచ్చు. మూడోది అటూ ఇటూ కానిది. దాని గొళ్ళెం మూడుసార్లు నొక్కితే గానీ పడదు. మొదటి రోజే పుల్ల వేలు నలిపింది. పుల్ల అంటే వాళ్ళందరిలోకీ సన్నటి నర్సు. ఆ దెబ్బతో మూడోదాన్ని మూలకి తోసేశారు.

మిగిలిన రెంటినీ వారం రోజులు మార్చి మార్చి తొక్కింది పెద్ద నర్సు. బూడిద రంగుది గుంతలో పడ్డా బెదరలేదు. సంచీ తగిలించినా హ్యాండిలు అటూ ఇటూ లాగలేదు. నారింజ రంగుది గులకరాయి మీద ఎక్కినా ఒళ్ళంతా ఝల్లుమనేది, నడుం దగ్గర ఏదో కదులుతున్నట్టుండేది. ఈ మాటలన్నీ ఆమె చిన్న పుస్తకంలో రాసుకుంది కూడా. ఐదు రోజులపాటు బూడిద రంగుదే ఖాయం అనుకుంది.

ఆరో రోజు నాలుగు రైళ్ళు మారాల్సి వచ్చింది. ఆ స్టేషన్లలో లిఫ్టు లేదు. ఒక్కోచోట నలభై ఆరు మెట్లు. మెట్ల మీద బుల్లి చక్రాలు దేనికీ పనికిరావు, మోయాల్సిందే. సాయంత్రానికి ఆమె కుడి మోకాలు పొంగి గుమ్మడికాయలా అయింది. మర్నాడు నారింజ రంగుది ఎత్తితే పసిపిల్లని ఎత్తుకున్నట్టనిపించింది. మేనేజరు, "ఆడవాళ్ళకి తేలికదైతేనే సుఖం కదండీ" అన్నాడు. ఆ మాట నచ్చకపోయినా ఆమె మోకాలికి నచ్చింది. కాగితం మీద సంతకం పెట్టేసింది.

గలగల పడిందన్న కబురు విన్న దగ్గర్నుంచి ఆ సంతకం ఆమె కళ్ళముందు కదులుతూనే ఉంది. అందుకే కోపం ఒక దారిన పోవడం లేదు. సగం మేనేజరు మీదికి పోతే సగం తిరిగి తన మీదికే వస్తోంది.

ఆసుపత్రికి వెళ్ళేసరికి గలగల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. భుజం దగ్గరి కాలరు ఎముక విరిగింది, గడ్డానికి ఆరు కుట్లు. మెడ నుంచి చేతికి గుడ్డ వేలాడదీశారు. మంచం పక్కన దాని భర్త బత్తాయి ఒలిచి తొనలన్నీ పళ్ళెంలో పేర్చుకుని కూర్చున్నాడు. అన్నీ అలాగే ఉన్నాయి.

"పొద్దున్నించీ ఒక్క ముక్క నోట్లో పెట్టలేదండీ. మీరైనా చెప్పండక్కా" అన్నాడు.

"ఏమే, ఎలా ఉంది?" అంది పెద్ద నర్సు.

జవాబు లేదు. నోరు మూయించాలంటే బతిమాలుకోవాల్సిన మనిషి. పెద్ద నర్సు మంచానికి అటువైపు వెళ్ళి, మొహంలోకి వంగి చూసింది.

"నొప్పి ఎక్కువగా ఉందా? మందు వేశారా?"

"నా ఒళ్ళే అక్కా" అంది గలగల, పెదాలు కదిలీ కదలకుండా. "నా ఒళ్ళు వల్లే విరిగింది. దానికి ఎనభై అయిదు కిలోలే పరిమితట. నేను ఎనభై రెండు. సంచీతో కలిపితే దాటిపోయిందట. తగ్గించుకుందామని ఎన్నిసార్లు అనుకున్నానో..."

"ఎవరు చెప్పారే నీకీ లెక్క?"

"మేనేజరుగారు. ఇందాక ఫోన్ చేశారు."

పెద్ద నర్సు నిటారుగా లేచింది. కుట్ల మీద రక్తం ఆరకముందే ఫోను చేసి ఈ మాట చెప్పాడా! పక్క మంచాల వాళ్ళు ఉన్నారు కాబట్టి గానీ లేకపోతే ఆ గదిలో వినరాని మాటలు వినిపించేవి.

"పరిమితి ఎనభై అయిదని మనకెవరైనా చెప్పారా? నీకు చెప్పారా?"

గలగల తల అడ్డంగా ఊపబోయి, మెడ నొప్పికి ఆగిపోయింది.

"నాకూ చెప్పలేదు. కాగితాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. నువ్వు ఈ ఒంటితోనే కదే, పక్షవాతం వచ్చిన మనిషిని ఒక్కదానివీ పక్కకి తిప్పి దుప్పటి మార్చేది? మేమైతే ఇద్దరం కావాలి. అప్పుడు ఈ ఒళ్ళు పనికొచ్చింది. ఇప్పుడు బరువైందా?"

గలగల కళ్ళు మూసుకుంది. కంటి కొసల నుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. దాని భర్త లేచి తుడిచాడు. అతను చిన్న గొంతుతో, "ఆ సైకిలు ముక్కలు మంచం కింద ఉన్నాయండీ. పడినచోట సీటు కవర్లు కుట్టే ఆయన కొట్టు ఉందట, ఆయనే గోనెసంచీలో వేసి తెచ్చి ఇచ్చాడు. ఏం చెయ్యమంటారు?" అన్నాడు.

"నాకివ్వండి" అంది పెద్ద నర్సు.

ఆ గోనెసంచీ భుజాన వేసుకునే రైలెక్కింది. నలభై ఆరు మెట్లూ ఎక్కింది. మోకాలు మూలుగుతూనే ఉంది గానీ ఆ రోజు దాని మాట వినిపించుకోలేదు.

ఇంట్లో ఆమె నాన్న కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు వెల్డరుగా పనిచేసి, కళ్ళు మసకబారాక మానుకున్నాడు. ఇప్పుడు పేపరు చదవాలన్నా భూతద్దం కావాలి. సంచీలోంచి ముక్కలు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన ముందు కళ్ళతో చూడలేదు, బొటనవేలితో తడిమాడు. ఆ తర్వాతే భూతద్దం అడిగాడు.

"ఎవడే దీన్ని అతికింది?"

"ఫ్యాక్టరీలో చేసింది నాన్నా."

"ఫ్యాక్టరీకి చేతులుంటాయా? ఎవడో ఒకడు అతికాడు. వాడికి బండి అందదేమో, తొందర తొందరగా లాగించాడు. చూడు, ఈ అంచున మంట లోహాన్ని తినేసింది. ఇక్కడే మొదలైంది."

అతుకు అంచునే, మడతబందు పక్కన, తెగినట్టు విరిగింది. ఆయన విరిగిన చోటుని వెలుతురుకి తిప్పి చూపించాడు. సగానికి పైగా నల్లగా, మురికిగా ఉంది. మిగతాది కొత్త గిన్నెలా తళతళలాడుతోంది.

"నల్లగా ఉన్నంత మేరా పాతది. చీలిక వచ్చింది, అందులోకి దుమ్మూ తడీ పోయింది, నల్లబడింది. మెరిసేదే ఇవాళ విరిగింది. అంటే ఈ సైకిలు ఇవాళ విరగలేదు. ఎప్పట్నుంచో విరుగుతూనే ఉంది. ఆ పిల్ల అది తెలీక ఎక్కింది."

"బరువు వల్లేనంటున్నాడు వాడు."

"బరువుంటే కాస్త ముందు, లేకపోతే కాస్త వెనక. ఇలాంటి అతుకుతో ఏ సైకిలైనా అంతే. నీదెక్కడుంది?"

ఆమెది వరండాలో ఉంది. ఆయన దాన్ని మడత విప్పకుండా బల్ల మీద పెట్టించాడు. గుడ్డతో బందు చుట్టూ శుభ్రంగా తుడిపించి, కిరసనాయిలు పూయించి, కాసేపు అలా వదిలేయమన్నాడు. తర్వాత పొడిగుడ్డతో తుడిపించి, సుద్దముక్క నూరి ఆ పొడి పల్చగా చల్లమన్నాడు. పది నిమిషాలకి తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీత తేలింది. వేలెడు పొడవు. లోపల దూరిన నూనె చీలికలోంచి బయటికొచ్చి సుద్దని తడిపింది.

ఆమె బరువు యాభై ఎనిమిది కిలోలు.

"రేపు దీని మీద వెళ్ళాల్సినదాన్ని నాన్నా" అంది.

"మిగతావాళ్ళని కూడా ఆగమని చెప్పు. ఇప్పుడే" అన్నాడాయన.

అందరికీ ఫోన్లు చేసింది. ఆదివారం ఆమె ఇంటి కింద, మెట్ల పక్కనున్న సిమెంటు వాకిట్లో, పదిమంది నర్సులు పది సైకిళ్ళతో చేరారు. ముసలాయన కుర్చీ కిందికి మోయించారు. కిరసనాయిలు వాసనకి పై అంతస్తువాళ్ళు కిటికీలు మూసుకున్నారు. సైకిలు తర్వాత సైకిలు బల్లెక్కింది. సుద్ద చల్లారు, కాచుకుని కూర్చున్నారు. నాలుగింటి మీద గీత తేలింది.

అందులో ఒకటి పుల్లది.

"నాదా?" అంది పుల్ల. "నేనా? నలభై ఆరు కిలోలు నేను! ఫ్యాను స్పీడు పెంచితే ఎగిరిపోతానని మా ఆయన జోకులేస్తాడు."

ఎవరూ నవ్వలేదు. పుల్ల ఆ గీతని వేలితో చెరిపేసి చూసింది. కాసేపటికి అది మళ్ళీ తేలింది. "రేపు పొద్దున దీని మీదే నా కూతుర్ని బడి దాకా తీసుకెళ్దామనుకున్నానక్కా" అంది. అని, చెప్పులు విడిచేసిన కాలితోనే సైకిలు చక్రాన్ని ఒక్క తన్ను తన్నింది. బొటనవేలు పట్టుకుని ఎగిరింది. అప్పుడు మాత్రం కొందరికి నవ్వొచ్చింది, ఆ నవ్వు ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

ఆ మధ్యాహ్నమే అందరి ఫోన్లకీ ఆఫీసు కబురు వచ్చింది. "సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు సిబ్బంది అందరి బరువు చూడబడును. డెబ్బై అయిదు కిలోలు దాటినవారు ఇళ్ళకు వెళ్ళే బాధ్యతల నుండి తప్పించబడుదురు."

ఆ గుంపులో ముగ్గురు ఆ అంకె దాటినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు చదివి, ఫోన్లు లోపల పెట్టుకుని, నేలచూపులు చూశారు. పెద్ద నర్సుకి అది కనిపించింది. గలగల గోడవైపు తిరిగి పడుకోవడం గుర్తొచ్చింది.

"ఎవరూ తల దించుకోనక్కర్లేదు" అంది. "రేపు అందరూ సంచీలు తీసుకురండి. మామూలుగా పనికి తెచ్చుకున్నట్టే, సామానంతా సర్ది."

సోమవారం ఆఫీసు గదిలో పొడవాటి బల్ల పక్కన కొత్త బరువు మెషిను పెట్టి ఉంది. మేనేజరు చేతిలో పేర్ల కాగితం, కలం. మనిషి చెడ్డవాడిలా కనిపించడు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎవరొచ్చినా "రండి రండి" అంటాడు. ఆ మెత్తదనమే పెద్ద నర్సుకి ఒళ్ళు మండిస్తుంది. కసిరేవాడైతే తిరిగి కసరొచ్చు.

"ఇబ్బందేమీ లేదండీ. ఇదంతా మీ క్షేమం కోసమే" అన్నాడు. "ఒక్కొక్కరూ చెప్పులు విడిచి ఎక్కండి. మీతోనే మొదలుపెడదామా?"

పెద్ద నర్సు ముందుకొచ్చి, తన సంచీ మెషిను మీద పెట్టింది.

"పది కిలోల రెండొందలు. రాసుకోండి."

"సంచీది కాదండీ..."

"ఎందుకు కాదు? సైకిలు మీద అదీ ఎక్కుతుందిగా. మీ కాగితంలో ఉన్న ఎనభై అయిదులో సామాను కూడా కలిసే ఉందని మీరే గలగలకి చెప్పారుగా. ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషికి చెప్పారు. మాకెందుకు చెప్పలేదు, కొనేముందు?"

"అది... కాగితం చివర ఉంది. చిన్న అక్షరాలు. నా దృష్టికి కూడా..." అతను నీళ్ళు నమిలాడు. వెంటనే సర్దుకుని బల్ల మీది దస్త్రం తెరిచాడు. "అయినా ఇది మీరు ఎంపిక చేసిందే కదండీ. ఇదిగో, మీ సంతకం."

గదిలో అందరూ ఆమె వైపు చూశారు. చాలామందికి ఆ సంగతి తెలియదు. పెద్ద నర్సు మొహం వేడెక్కింది. ఈ మాట వస్తుందని తెలుసు. రెండు రాత్రులుగా దానికి ఎన్నో జవాబులు అల్లుకుంది. తీరా వచ్చేసరికి అవేవీ నోటికి రాలేదు.

"నాదే" అంది. "నా సంతకమే. బూడిద రంగుది గట్టిదని ఐదు రోజులు రాసుకుని, ఆరో రోజు మోకాలు నొప్పి పెట్టిందని తేలికదానికి సంతకం పెట్టాను. నా తప్పు. గలగలకి నేను క్షమాపణ చెప్పుకుంటాను. అందరిముందూ చెప్తాను. మీరు నా వెనక దాక్కోకండి."

"దాక్కోవడం ఏంటండీ..."

"పుల్లా, నీ సైకిలు తీసుకురా."

పుల్ల సైకిలు తోసుకుంటూ వచ్చింది. బందు దగ్గర సుద్దపొడి అలాగే ఉంది, మీద తడి గీత. పెద్ద నర్సు దాన్ని మేనేజరు ముందు నిలబెట్టి, గోనెసంచీలోంచి గలగల సైకిలు ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. నలుపు, మెరుపు రెండూ కనబడేలా తిప్పింది. నాన్న చెప్పినదంతా చెప్పింది. వెల్డరు కూతురు కాబట్టి ఎక్కడా తడబడలేదు.

"ఇది తొక్కేది నలభై ఆరు కిలోల మనిషి. నాది తొక్కేది యాభై ఎనిమిది. మొత్తం అయిదింటికి చీలిక ఉంది, విరిగిందాంతో కలిపితే ఆరు. ఇంకా బరువే అంటారా?"

"ఇంటి దగ్గర సుద్దపొడి చల్లి తేల్చేస్తే ఎలాగండీ? నిపుణులు చూడాలి. అప్పటిదాకా మామూలుగా వాడుకోవచ్చు, నెమ్మదిగా..."

"మామూలుగా వాడుకోవచ్చా?" అంది పెద్ద నర్సు. గొంతు పెంచలేదు. "అయితే ఎక్కండి."

"ఏంటి?"

"ఈ సైకిలెక్కి, బయట వాకిట్లో ఒక్క చుట్టు తిరిగి రండి. నెమ్మదిగానే. వాలు మీద నుంచి ఒక్కసారి. అంతే. తర్వాత మీరు చెప్పినట్టే వింటాం."

పుల్ల హ్యాండిలు అతని చేతికి అందించింది. అతను అలవాటుగా పట్టుకున్నాడు. కొంచెం ముందుకి తోశాడు. కళ్ళు బందు దగ్గరి గీత మీద పడ్డాయి. గదిలోని పదకొండుమంది నర్సులూ అతని చేతుల్నే చూస్తున్నారు. అతను సీటు మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. చివరికి సైకిల్ని జాగ్రత్తగా, పగిలిపోయే వస్తువుని ఆనించినట్టు, గోడకి ఆనించాడు.

"సైకిళ్ళన్నీ ఆపేద్దాం" అన్నాడు కిందికి చూస్తూ. "వ్యాను ఏర్పాటు చేయమని పైవాళ్ళతో మాట్లాడతాను."

"బరువు మెషిను?"

"అది కూడా."

"ఇంకొకటి. గలగల దస్త్రంలో బరువు వల్లే విరిగిందని మీరు రాసే ఉంటారు. అది కొట్టేసి, సైకిలు లోపం వల్లే విరిగిందని ఉత్తరం రాసివ్వండి."

ఉత్తరం మూడుసార్లు రాయాల్సి వచ్చింది. మొదటిసారి "సాంకేతిక కారణాల వల్ల" అని రాశాడు. "ఆ మాటకి అర్థం ఏంటి?" అని తిప్పి పంపింది. రెండోసారి "దురదృష్టవశాత్తూ" అని మొదలుపెట్టాడు. అదీ తిప్పి పంపింది. ఈలోపు ఒక వారం పోయింది. వ్యాను వచ్చింది గానీ ఒక్కటే వచ్చింది. పన్నెండుగంటలకి రావలసిన నర్సు మూడింటికి వస్తుంటే రోగులు తిట్టుకున్నారు. ఒక ముసలావిడ, "మీ గొడవలు మీరు పడండి, నా కట్టు ఎవరు మారుస్తారు?" అని పెద్ద నర్సు మొహం మీదే అడిగింది. ఆవిడ కోపం కూడా న్యాయమైనదే.

కొత్త సైకిళ్ళ ఎంపిక ఈసారి పన్నెండుమందికీ అప్పగించారు. గలగల రాలేదు కాబట్టి పదకొండుమంది. పెద్ద నర్సు నాన్న కుర్చీలో కూర్చుని ప్రతి అతుకూ తడిమాడు. సంచీలు తగిలించి, గుంతల రోడ్డు మీద తొక్కి, స్టేషను మెట్లు ఎక్కి దిగి చూశారు. మళ్ళీ ఆ బూడిద రంగు ఇనపదే నిలిచింది. నూట ఇరవై కిలోల దాకా పరిమితి. ఈసారి కాగితం చివరి అక్షరం దాకా పుల్ల పైకి చదివి వినిపించింది.

అయినా గొణుగుళ్ళు తప్పలేదు. "పదమూడున్నర కిలోలంటే మాటలా అక్కా? మా నడుములు ఏం కావాలి?" అని తిరగబడింది ముందు పుల్లే. నిజమే. నలభై ఆరు కిలోల మనిషికి అది మోత బరువు. గంటసేపు వాదించుకున్నారు. తేలికగా ఉండాలి, గట్టిగా ఉండాలి, చిన్నగా మడవాలి అంటే మూడూ ఒకేచోట దొరకడం లేదు. ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకున్నా ఎవరో ఒకరి ఒళ్ళే దానికి మూల్యం కట్టాలి. చివరికి పెద్ద నర్సు, "సరే. బల్లపరుపు నేల మీద తోసుకుందాం. మెట్లున్నచోట ఇద్దరు రోగుల్ని తగ్గించమందాం, నెమ్మదిగా ఎక్కుదాం. మెట్లు మనం కట్టలేదు, సైకిలు మనం చేయలేదు. కనీసం టైమైనా మనం అడుగుదాం" అంది. రోజుకి ఇద్దరు రోగుల్ని తగ్గించమన్న ఆ మాటకి మేనేజరు ఇంకా ఒప్పుకోలేదు. ఒక్కర్ని తగ్గిస్తానంటున్నాడు. ఆ గొడవ నడుస్తూనే ఉంది.

మూడోసారి రాసిన ఉత్తరం తీసుకుని పెద్ద నర్సు గలగల ఇంటికి వెళ్ళింది. చేతికి ఇంకా గుడ్డ వేలాడుతోంది. మొహం పీక్కుపోయింది. భర్త పక్కకి పిలిచి, రోజుకి ఒక్కపూటే తింటోందని చెప్పాడు.

పెద్ద నర్సు నిలబడే చెప్పింది. "ముందు నా మాట విను. ఆ సైకిలుకి సంతకం పెట్టింది నేను. గట్టిది కాదని తెలిసి కూడా పెట్టాను. నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

గలగల ఆమె మోకాలి వైపు చూసింది. "నీకు మోకాలు నొప్పి కదక్కా" అంది. క్షమించిందో లేదో పెద్ద నర్సుకి తెలియలేదు, అడగనూ లేదు. ఉత్తరం చేతికిచ్చింది.

గలగల ఎడమచేత్తో విప్పి చదివింది. తయారీ లోపం వల్ల సైకిలు విరిగిందని, సిబ్బంది బరువుకి దానితో సంబంధం లేదని, ఫోనులో అన్న మాటలకి సంస్థ విచారిస్తోందని ఉంది. ఒకసారి చదివింది. పైనుంచి మళ్ళీ చదివింది. పెదాలు బిగుసుకున్నాయి. గలగల ఏడుస్తుందేమోనని పెద్ద నర్సు దగ్గరికి జరిగింది.

"నా పేరు తప్పు రాశాడు" అంది గలగల.

"ఏదీ?"

"ఇదిగో. తొమ్మిదేళ్ళు పనిచేశాను వాడి దగ్గర. బరువు మాత్రం కిలోతో సహా గుర్తుంది వాడికి. పేరు రాయడం రాలేదు!" లేచి నిలబడింది. "మూడు వారాలక్కా! మూడు వారాలు అద్దంలో మొహం చూసుకోలేదు నేను. నా పిల్లలు తింటుంటే పక్క గదిలో కూర్చున్నాను. విరిగిపోయే సైకిలిచ్చి, నన్ను పడేసి, నా ఒంటిని నేనే తిట్టుకునేలా చేశాడు. సంస్థ విచారిస్తోందట! సంస్థ ఎవరు? సంస్థా ఫోన్ చేసింది నాకు? వాడు కదూ చేసింది? వాడి నోటితో చెప్పమను!"

"నేను మళ్ళీ రాయిస్తానే. నాలుగోసారి" అంది పెద్ద నర్సు.

"నువ్వొద్దు. ఏవండీ, ఆ చెప్పులు ఇటు తొయ్యండి."

భర్త కంగారుగా, "ఎక్కడికి? డాక్టరు కదలొద్దన్నాడు..." అన్నాడు.

"చెయ్యి కదపొద్దన్నాడు. కాళ్ళు కాదు."

అతను చెప్పులు దగ్గరికి తెచ్చి పెట్టాడు. పెద్ద నర్సు వంగి వాటి పట్టీలు సరిచేసింది. గలగల ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులోకి దోపుకుంది. వీధి చివర ఆఫీసుకి వెళ్ళే బస్సు ఆగే చోటు ఉంది. మోకాలు నొప్పిగా ఉన్నా పెద్ద నర్సు దాని నడకని అందుకోవడానికి పెద్ద పెద్ద అంగలు వేయాల్సి వచ్చింది.